పాత బండి పనిలోకి కిడ్నీ జబ్బున్న స్నేహితుణ్ని పిలుస్తున్నారా? ఎండలు ముదరకముందే ఇవి చూసుకోండి

ఈ మధ్య మా మండలంలో ఒకతని సంగతి విన్నాక ఇది రాయక తప్పలేదు. నలభై దాటిన మనిషి. కిడ్నీ జబ్బు బయటపడి చాలా కాలమైనా పథ్యంతో, బీపీ మాత్రలతో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష లెక్క) పెద్దగా పెరగకుండా నెట్టుకొస్తున్నాడు. స్నేహితులు ఒడిశాలోని బ్రహ్మపురం వైపు నుంచి ఒక పాత యెజ్డీ మోటార్ సైకిల్ తెచ్చి, "నువ్వు లేకుండా ఇది లేవదురా" అని అతన్ని పిలిచారు. ఇంజిన్ దించారు, విప్పారు, రోజూ పొద్దుపోయేదాకా పనే. ఒళ్లు నొప్పులంటే స్నేహితుడే మందుల షాపుకి వెళ్లి మాత్రలు తెచ్చాడు. నొప్పి తగ్గింది కాబట్టి మర్నాడూ వేసుకున్నాడు, ఆ మర్నాడూ వేసుకున్నాడు. కొన్నాళ్లకి మొహం ఉబ్బింది, వాంతులు పట్టుకున్నాయి. ఇప్పుడు డయాలిసిస్‌కి వెళ్తున్నాడు.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ ఉద్దానం మండలాల్లో కిడ్నీ జబ్బున్న స్నేహితుడు లేనివాళ్లు తక్కువ. కాబట్టి అతన్ని బండి పనికి పిలవొద్దని నేను చెప్పను. పిలవండి. జబ్బు మనిషిని మంచాన పడేసేలోపే పనికి దూరం చేస్తుంది. కొబ్బరితోటలో, జీడితోటలో ఒళ్లు వంచి బతికినవాడు అరుగు మీద కూర్చుంటే, వచ్చిన ప్రతివాడూ "క్రియాటినిన్ ఎంతుంది?" అనే అడుగుతాడు. అతని చేతికి ఒక కార్బురేటర్ ఇచ్చి "ఇది నువ్వు చూడరా" అంటే ఆ పూట మాట వేరే దారిన వెళ్తుంది. అందుకోసం ఒక పాత బండి కొన్నా తప్పులేదు.

గ్లౌజులు వేసుకోండి, పెట్రోల్ దగ్గర బీడీ కాల్చకండి లాంటివి మీకు తెలుసు. నేను చెప్పేది వేరు.

మాత్ర

అన్నిటికంటే ముందు ఇది. ఒళ్లు నొప్పులకి మీరు తెచ్చే మాత్రే అతని కిడ్నీలకి ఎసరు. ఎండ కంటే, బరువు కంటే, పెట్రోల్ వాసన కంటే ముందు చూసుకోవాల్సింది ఇదే.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్. ఈ పేర్లు కాగితం మీద రాసి షెడ్డు గోడకి అంటించండి. షాపుల్లో అమ్మే "ఒళ్లు నొప్పుల మాత్ర" చాలావరకు వీటిలో ఏదో ఒకటి. అసలు మోసం కలిపి చేసే మాత్రల్లో ఉంటుంది. అట్ట మీద పారాసిటమాల్ అని కనిపించగానే మనకి ధైర్యం వస్తుంది. పక్కనే చిన్న అక్షరాల్లో ఎసిక్లోఫెనాక్ అనీ ఉంటుంది. అట్ట తిప్పి వెనక చదవండి. కత్తిరించి ఇచ్చిన ముక్క మీద పేరు కనబడకపోతే ఆ మాత్ర వద్దు.

ఎందుకంటే, చెమట పోసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తనకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచుకోవడానికి తంటాలు పడుతుంది. ఈ మాత్రలు సరిగ్గా ఆ ఏర్పాటునే దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బున్నవాళ్లు వాడే కొన్ని బీపీ మాత్రలు, నీరు తగ్గించే మాత్రలు కూడా ఆ రక్తం ఒత్తిడి మీదే పనిచేస్తాయి. ఈ మూడూ ఒకేసారి పడితే, అందులోనూ ఉక్కలో పనిచేసిన రోజున పడితే, అప్పటిదాకా నిలకడగా ఉన్న కిడ్నీ కొద్ది రోజుల్లోనే చేతులెత్తేయొచ్చు. నొప్పి తగ్గింది కదా అని మనం సంతోషిస్తాం. లోపల జరుగుతున్నది తెలియదు.

నొప్పి ఇంజక్షనూ అంతే. "ఏటి కాదు బావా, ఒక్క సూదే కదా" అనేవాళ్లని షెడ్డు గడప తొక్కనివ్వకండి. నొప్పి తగ్గించే జెల్ కూడా చాలావాటిలో డైక్లోఫెనాకే, డాక్టర్ని అడగకుండా రాయకండి. ఊరూరా తిరిగి అమ్మే పసర్లు, భస్మాలు అసలే వద్దు.

మరి నొప్పి వస్తే? పని ఆపండి. వేడి నీళ్ల కాపడం పెట్టండి. మాత్ర కావాలంటే అతన్ని చూసే కిడ్నీ డాక్టర్‌కి ఫోన్ చేసి ఏది, ఎంత మోతాదులో అని అడిగి, ఆయన చెప్పింది వేయండి. చాలాసార్లు ఉత్త పారాసిటమాలే చెప్తారు, అదీ లెక్కప్రకారమే. అన్నిటికంటే మంచి పద్ధతి ఒళ్లు నొప్పులు వచ్చేంత పని అతనికి పెట్టకపోవడం.

ఎండ, నీళ్లు, బొండం

మన సముద్రపు గాలికి చెమట ఆరదు. రేకుల షెడ్డయితే చెప్పక్కర్లేదు. మార్చి దాటాక పొద్దున్న ఎండెక్కేలోపు, సాయంత్రం పొద్దు వాలాక మాత్రమే పని. మధ్యాహ్నం షెడ్డుకి తాళం.

నీళ్ల సంగతి అందరికీ ఒకేలా ఉండదు. డయాలిసిస్ దాకా వెళ్లనివాడు దాహంతో ఎండిపోకూడదు. డయాలిసిస్ మీద ఉన్నవాడికి డాక్టర్ కొలత చెప్తాడు, అది దాటితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అతనిది ఏ లెక్కో ముందే తెలుసుకోండి. అతని సీసా అతనికి వేరే ఉండాలి.

ఇక బొండం. మన ఊళ్లో చెమట పట్టిన మనిషి కనిపిస్తే చేతిలో బొండం పెట్టడం మర్యాద. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది, ఉన్నట్టుండి ఆగిపోనూవచ్చు. డాక్టర్ సరే అంటే తప్ప బొండం కొట్టకండి. అరటిపండూ, ఓఆర్ఎస్ పొట్లమూ అడిగాకే. జీడిపప్పు గుప్పెళ్లతో పెట్టకండి. అతను ఏమనుకుంటాడోనని మీరూ అతని ముందు తాగకండి.

చెయ్యి

డయాలిసిస్ మొదలుకావడానికి నెలల ముందే చేతికి ఫిస్టులా వేస్తారు, అంటే డయాలిసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రెండు రక్తనాళాల్ని కలుపుతారు. అక్కడ వేలు ఆనిస్తే సన్నగా అదురుతూ ఉంటుంది. ఆ చేత్తో పానా తిప్పించకండి. బరువు ఎత్తించకండి. ఆ చేతికి బిగుతు గడియారం వద్దు, బీపీ పట్టీ వద్దు, సూది వద్దు. అదురు ఆగిపోయినట్టు అనిపిస్తే రేపటిదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తం కారితే గట్టిగా నొక్కిపట్టి, చెయ్యి పైకెత్తించి, 108కి ఫోన్ చేయండి. డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు కాబట్టి ఆ రోజు చిన్న రేకు గీరుకున్నా రక్తం ఆగడానికి టైం పడుతుంది. ఆ రోజు అతనికి షెడ్డు సెలవు.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో

కూర్చుని చేసే పనులు అతనివి: కార్బురేటర్ జెట్లు, పాయింట్లు, వైరింగ్, మీటరు, ఏ బోల్టు ఏ డబ్బాలోదో రాసిపెట్టడం. ఇంజిన్ ఎత్తడం, టైరు ఊడదీయడం మీవి.

అలాగని అతన్ని చూస్తూ కూర్చోబెట్టకండి. ఏ రంగు వేయాలి, ఏ పార్టు మార్చాలి అన్నది అతన్నే తేల్చమనండి.

కిక్కు అతను కొట్టకూడదు. యెజ్డీలో కిక్కుకీ గేరుకీ రాడ్డు ఒకటే, పళ్లు అరిగితే జారి కాలికి తగులుతుంది. పాత బుల్లెట్ అయితే ఎదురు తన్ని చీలమండ విరుగుతుంది. విరిగితే మళ్లీ నొప్పి మాత్రల దగ్గరికే వస్తాం.

ట్యాంకుకి వెల్డింగ్ పెట్టొద్దు. ఖాళీది కూడా. లోపలి ఆవిరే పేలుతుంది.

సైలెన్సర్‌లో మసి పోవడానికి కాస్టిక్ సోడా పోసే రోజు అతను అక్కడ ఉండకూడదు. నీళ్లలో సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు.

పెయింటు కొట్టే రోజు కూడా రాకూడదు. థిన్నర్ వాసన అతనికి మంచిది కాదు. మూతికి కట్టిన తువ్వాలు దాన్ని ఆపదు.

పాత బ్రేక్ షూల ధూళిని గాలి కొట్టి ఊదొద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి, గుడ్డ పారేయండి.

రక్తపరీక్ష ముందు రోజు పని పెట్టకండి. ఒళ్లు అలిసినా క్రియాటినిన్ పెరిగి కనిపిస్తుంది, ఇంట్లో అందరికీ టెన్షన్.

డయాలిసిస్ రోజు మార్చొద్దు. ఇంజిన్ ఇంకో గంటలో స్టార్ట్ అవుతుందన్నా సరే.

ముహూర్తాలు పెట్టుకోకండి. దసరాకి తీయాలి, సంక్రాంతికి తీయాలి అంటే అతను నొప్పి దాచి పనిచేస్తాడు. నొప్పి దాచినవాడు మాత్ర కూడా దాచే వేసుకుంటాడు. జేబులో అట్ట కనిపిస్తే అడగండి. మొహమాటం వద్దు.

అతని డబ్బు బండిలో పెట్టించొద్దు. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడ్డాక యెజ్డీ పార్టులకి చెప్పిందే రేటు. ఆ ఖర్చు మీది.

ఓఆర్ 07 (ఒడిశా) నంబరున్న బండయితే అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ వచ్చాకే డబ్బు పూర్తిగా కట్టండి. పన్నెండు నెలలు దాటి మన రాష్ట్రంలో ఉంచుకుంటే ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఛాసిస్ నంబరు మీద గ్రైండర్ పెట్టొద్దు. ఆఫీసు క్యూలో అతన్ని నిలబెట్టొద్దు.

మూత్రం తగ్గినా, కోలా రంగులో వచ్చినా, పాదాలు ఉబ్బినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు బీపీ మాత్ర వేయాలా వద్దా అన్నది డాక్టర్‌ని అడగండి. మీరు తేల్చకండి.

అతను వాడే మందుల చీటీ ఫోటో షెడ్డుకి వచ్చే ప్రతివాడి ఫోన్‌లో ఉండాలి. కిడ్నీ డాక్టర్ నంబరు, ఇంట్లోవాళ్ల నంబరు, రక్తం గ్రూపు కూడా.

మందుల షాపులో నిలబడితే ముందు "కిడ్నీ పేషెంటుకి" అని చెప్పి, తర్వాతే ఏం కావాలో అడగండి. ఆ మాట విని కూడా నొప్పి మాత్ర చేతిలో పెడితే తీసుకోకుండా వచ్చేయండి.