లేజర్ తర్వాత చదవాలంటే: ముందు ఖాళీ ఎక్కడుందో కనుక్కోండి

నేను ప్రూఫులు దిద్దుతాను. షుగర్ వల్ల నా రెండు కళ్లకీ లేజర్ చేశారు. మొదట తెలుసుకోవాల్సింది, లేజర్ చేసేది ఉన్న చూపును నిలబెట్టడానికే. పోయిన చూపును తిరిగి తెస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

ఏ లేజర్ చేస్తున్నారో డాక్టర్ని అడగండి. కంటి వెనక పొర, అంటే రెటీనా మీద కొత్త రక్తనాళాలు పుడితే, దాని అంచుల్లో లేజర్‌తో వందలాది చుక్కలు కాలుస్తారు. దాంతో పక్కచూపు, చీకట్లో చూపు తగ్గొచ్చు. కొందరికి దగ్గరి అక్షరాల మీద ఫోకస్ కుదరదు; మాక్యులా (రెటీనా నడిభాగం, చదివేది దీనితోనే) వాచి కొంతకాలం మసకగా కనిపించడమూ ఉంది. మాక్యులా దగ్గరే చేసే లేజర్ వేరు. అక్కడ లేజర్ మచ్చ చిన్నదే, కానీ చదివేటప్పుడు సరిగ్గా అక్షరాల మీదే ఖాళీగా పడొచ్చు. మాక్యులా నడిమధ్య వాపుకి ఇప్పుడు ఎక్కువగా ముందు ఇంజెక్షన్లే ఇస్తున్నారు.

చేయించుకున్న రోజు చదవాలని చూడకండి, కంటిపాప పెద్దదవడానికి వేసే చుక్కల మందుకే కొన్ని గంటలు మసకగా ఉంటుంది.

తర్వాత ఈ పరీక్ష చేసుకోండి. చదివే కళ్లద్దాలు పెట్టుకుని ఒక కన్ను మూయండి. వరస మధ్యలో ఒక అక్షరం మీద చూపు నిలిపి, కన్ను కదపకుండా చుట్టూ ఏది మాయమవుతోందో గమనించండి. ఆ మాయమైన చోటే ఖాళీ. అది కుడివైపుంటే రాబోయే మాట అందదు, చదువు బాగా నెమ్మదిస్తుంది. కంటికన్నా ముందు వేలు నడిపించండి. ఎడమవైపుంటే కొత్త వరస మొదలు దొరకదు, అక్కడ స్కేలు ఆనించుకోండి. నాకు కుడికంట్లో ఖాళీ కింద ఉంది. మన లిపికి ఇది పెద్ద దెబ్బ, ఎందుకంటే వత్తులు పోతాయి: 'పట్టు' కాస్తా 'పటు' అవుతుంది. నేను చూపును వరస అడుగుకి కొంచెం దించుతాను, అప్పుడు ఖాళీ వరస కిందికి జారిపోతుంది. ఇలా పక్కకి చూసి చదవడాన్ని 'లో విజన్' (తగ్గిన చూపు) నిపుణులు నేర్పిస్తారు. అలవాటయ్యేదాకా విసుగే, అయినా వదలొద్దు.

నల్ల అట్టముక్కకి ఒక వరస పట్టే సందు కోసి కాగితం మీద పెట్టుకుంటే మిగతా వరసలు అడ్డురావు. లైటు భుజం వెనకనుంచి కాగితం మీద పడాలి, కళ్లలో కాదు. ఫోన్లో అక్షరాలు పెద్దవి, బోల్డు చేసుకోండి.

వెంటనే కొత్త అద్దాలు కొనకండి. షుగర్ ఎక్కువ తక్కువలవుతుంటే కంటి నంబరూ మారుతుంది. వాపు తగ్గి, షుగర్ నిలకడగా ఉన్నాకే చూపించుకోండి.

పై పరీక్ష ఒక్కో కంటికీ విడిగా వారం వారం చేస్తూ ఉండండి. గీతలు వంకరగా కనిపించినా, ఖాళీ పెరిగినా, ఉన్నట్టుండి నల్లచుక్కలు రాలినా, తెర పడినట్టున్నా, ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.