ఓటరు కార్డు కనిపించకపోతే ఏది పట్టుకొని వెళ్లాలి

2024 మే 13న, శాసనసభకూ లోక్‌సభకూ కలిపి పోలింగు జరిగిన రోజు ఉదయం, కనిగిరి దగ్గర మా ఊళ్లో మా పెద్దమ్మ బీరువాలోని చీరలన్నీ మంచం మీద కుప్పపోసి ఓటరు కార్డు కోసం వెతికారు. అది ఎంతకీ దొరకకపోవడంతో రేషను కార్డూ, నాలుగు రోజుల ముందు ఇంటికి తెచ్చిచ్చిన ఓటరు స్లిప్పూ పట్టుకొని వెళ్లి, ఆ రెండింటిలో ఏదీ చెల్లదని చెప్పించుకొని ఎండలో తిరిగి వచ్చారు. ఆమె ఫోటో అంటించి, దానిపై ముద్ర వేసిన పోస్టాఫీసు పాస్‌బుక్కు ఆ చీరల మడతల్లోనే ఉంది. మధ్యాహ్నం దానితోనే ఓటు వేశారు.

గుర్తింపు పత్రం గురించి ఆలోచించే ముందు జాబితాలో పేరు ఉన్నదో లేదో చూసుకోవాలి. ఓటు హక్కు వచ్చేది జాబితా వల్లనే తప్ప కార్డు వల్ల కాదు. వచ్చిన మనిషి జాబితాలో ఉన్న మనిషేనని తేల్చడం వరకే కార్డు పని. కార్డు భద్రంగా ఉన్నా జాబితాలో పేరు తొలగిపోయి ఉంటే ఓటు వేయనివ్వరు. అందుచేత పామూరు, కొండపి, ఉదయగిరి వైపు నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లి స్థిరపడి, ఎన్నికలకు ఊరికి వచ్చేవారు బస్సు టిక్కెట్టు తీసుకోకముందే ఎన్నికల సంఘం వెబ్‌సైటులో గానీ, 1950 నంబరుకు ఫోను చేసి గానీ తమ పేరు, పోలింగు కేంద్రం, వరుస సంఖ్య సరిచూసుకోవాలి. అక్కడ కొత్తగా పేరు నమోదు చేయించుకున్నవారికి ఇక్కడ ఓటు ఉండకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఓటరు కార్డు లేనివారి కోసం కేంద్ర ఎన్నికల సంఘం 2024లో 12 పత్రాలను అనుమతించింది. వాటిలో మన పల్లెల్లో ఎక్కువమంది దగ్గర ఉండేవి ఆధార్ కార్డు, ఉపాధి హామీ జాబు కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్కు, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు. పాస్‌పోర్టు, ఫోటో ఉన్న పింఛను పత్రం, దివ్యాంగుల విశిష్ట గుర్తింపు కార్డు, కార్మిక శాఖ పథకం కింద ఇచ్చిన ఆరోగ్య బీమా స్మార్ట్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టరు స్మార్ట్ కార్డు కూడా చెల్లుతాయి. ప్రభుత్వం, ప్రభుత్వ రంగ సంస్థలు, పబ్లిక్ లిమిటెడ్ కంపెనీలు ఫోటోతో ఇచ్చిన ఉద్యోగ గుర్తింపు కార్డులను కూడా ఒప్పుకుంటారు. పన్నెండోది ఎంపీలకు, ఎమ్మెల్యేలకు, ఎమ్మెల్సీలకు ఇచ్చేది కాబట్టి మనకు దానితో పని లేదు. రేషను కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు, కళాశాల గుర్తింపు కార్డు ఈ పన్నెండింటిలో లేవు. పాస్‌బుక్కు విషయంలో మోసపోయేవారే ఎక్కువ. ఖాతా ఎంత పాతదైనా, పుస్తకం మీద ఫోటో లేకపోతే అది పనికిరాదు. జిరాక్సు ప్రతినీ, ఫోనులో తీసుకున్న ఫోటోనూ నమ్ముకోకుండా అసలు పత్రమే వెంట తీసుకువెళ్లాలి. ఫోనును ఎలాగూ బూతులోకి రానివ్వరు.

ఓటరు స్లిప్పును 2019 నుంచి గుర్తింపు పత్రంగా పరిగణించడం లేదు. ఇప్పుడు ఇచ్చే స్లిప్పు మీద ఫోటో కూడా ఉండదు. అయినా దానిని పారవేయకూడదు, ఎందుకంటే అందులోని వరుస సంఖ్య చూపితే పోలింగు అధికారి జాబితాలో మీ పేరు వెంటనే పట్టుకోగలుగుతారు, వెనుక నిలబడినవారు విసుక్కోరు.

పేర్లలో తేడాల గురించి మన వైపు వారికి భయం ఎక్కువ, అందుకు కారణమూ ఉంది. పెంచలయ్య, మాలకొండయ్య, మస్తానమ్మ వంటి పేర్లను ఒక్కో కార్డులో ఒక్కో విధంగా అచ్చు వేస్తారు. ఓటరు కార్డు ద్వారా మనిషిని గుర్తించగలిగినంతవరకు అక్షర దోషాలనూ చిన్న తేడాలనూ పట్టించుకోవద్దని ఎన్నికల సంఘం సిబ్బందికి స్పష్టంగా చెప్పింది. ఫోటోనే సరిపోలక గుర్తుపట్టలేని పక్షంలో మాత్రం పై పత్రాలలో ఒకటి చూపవలసి వస్తుంది. పెళ్లయ్యాక ఓటరు కార్డులో అత్తవారి ఇంటిపేరు, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉన్న ఆడవారు రెండూ వెంట ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం.

2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోకి, గూడూరు తిరుపతి జిల్లాలోకి, అద్దంకి బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. కార్డు మీద పాత జిల్లా పేరు ఉన్నంత మాత్రాన అది చెల్లకుండా పోదు. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన కార్డైనా సరే, మీరు వెళ్లిన కేంద్రం జాబితాలో మీ పేరు ఉంటే అంగీకరిస్తారు.

బూతులో మొదటి అధికారి పత్రం చూసి, అభ్యర్థుల ఏజెంట్లకు వినిపించేలా మీ పేరూ వరుస సంఖ్యా చదువుతారు. రెండవ అధికారి ఎడమచేతి చూపుడువేలికి సిరా పెట్టి, రిజిస్టరులో సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకుంటారు. ఓటరు కార్డు కాక వేరే పత్రం చూపి ఉంటే దాని చివరి నాలుగు అంకెలను ఆ రిజిస్టరులోనే రాసుకుంటారు. మీరు ఆ మనిషి కాదని ఎవరైనా ఏజెంటు అభ్యంతరం చెప్పాలంటే 2 రూపాయలు డిపాజిట్ కట్టాలి, ఆపైన ఆ కేంద్రం బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారి విచారించి నిర్ణయిస్తారు. మీరు వెళ్లేసరికే మీ పేరుతో ఓటు పడిపోయి ఉంటే గొడవపడి తిరిగి రావద్దు. మీ గుర్తింపును రుజువు చేసి టెండర్డ్ బ్యాలెట్ ఇవ్వమని ప్రిసైడింగ్ అధికారిని అడగవచ్చు. అది కాగితపు బ్యాలెట్, దానిని విడిగా కవరులో ఉంచుతారు.

పోయిన కార్డు స్థానంలో కొత్తదాని కోసం, చిరునామా మార్పు కోసం ఫారం 8 నింపి ఇవ్వాలి. ఫోను నంబరు నమోదై ఉంటే ఓటరు కార్డు డిజిటల్ ప్రతి అయిన ఈ-ఎపిక్‌ను కూడా దించుకొని అచ్చు వేయించుకోవచ్చు. పంచాయతీ, మండల, పురపాలక ఎన్నికలను నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘం కనుక, అప్పుడు ఏయే పత్రాలు చెల్లుతాయో ఆ సంఘం ఇచ్చే ప్రకటనలోనే చూసుకోవాలి.