ఆర్కిడ్ క్రాస్ చేసే ముందు ఇవి చూసుకోండి

క్రాస్ అంటే ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్క పువ్వుకు అద్ది కొత్త రకం పుట్టించడం. ముందు రెండు మొక్కల లేబుళ్లు చూడండి. తల్లిదండ్రుల పేర్లు కచ్చితంగా తెలియకపోతే ఎంత అందమైన పువ్వు వచ్చినా ఆ కొత్త రకానికి పేరు రిజిస్టర్ చేయలేరు. పేరు లేని మొక్కతో సరదాకి క్రాస్ చేసుకోవచ్చు, అంతవరకే.

ఆ జంటకు ఇప్పటికే పేరుందేమో వెతకండి. 1961 నుంచి ఇలా రిజిస్టర్ అయిన పేర్ల పట్టికను బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ నిర్వహిస్తోంది. తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని తారుమారు చేసినా పేరు ఒక్కటే. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

కాయ మోసే తల్లి మొక్క బలంగా ఉండాలి. నీరసించిన మొక్కకు ఆ భారం పెట్టొద్దు. వైరస్ అనుమానం ఉన్నదాన్ని అసలు ముట్టుకోకండి. ట్రిప్లాయిడ్ (క్రోమోజోములు రెండు సెట్లకు బదులు మూడు సెట్లున్న మొక్క) అయితే గింజ పట్టడం కష్టమే.

పుప్పొడి ఇక్కడ పొడిలా ఉండదు, పసుపు ముద్దలుగా ఉంటుంది. కొత్త టూత్‌పిక్ కొనతో తండ్రి పువ్వులోని టోపీలాంటి మూత ఎత్తితే ముద్దలు దానికే అంటుకుని వస్తాయి. వాటిని తల్లి పువ్వు స్తంభం (పువ్వు మధ్యలో ఆడ, మగ భాగాలు కలిసిపోయి ఉండే కాడ) కింద జిగురుగా ఉన్న గుంటలో అద్దాలి. తల్లి పువ్వులోని సొంత పుప్పొడిని ముందే తీసేయండి. తేదీ, రెండు పేర్లు రాసిన ట్యాగ్ అప్పటికప్పుడే కట్టేయండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు.

గింజల్లో నిల్వ ఆహారం ఉండదు కాబట్టి స్టెరైల్ (క్రిములు లేని) ఫ్లాస్కులో మొలిపించాలి. ల్యాబ్ సంగతి ముందే మాట్లాడుకోండి, కాయ పగిలాక టెన్షన్ పడి లాభం లేదు.

పేరు తొందరేం లేదు. మొక్క పూశాకే దరఖాస్తు, దానికి కొన్నేళ్లు పడుతుంది. క్రాస్ చేసింది వేరేవాళ్లయితే వాళ్ల అనుమతి కావాలి.