రజ పండగకి ముందు సిబ్బంది క్యాలెండర్ చదివేవాళ్లు చూసుకోవాల్సినవి

బరంపురం చుట్టుపక్కల సైట్లు నడిపేవాళ్లకి జూన్ వస్తోందంటే టెన్షనే. నెల నడుమ మూడు రోజులు ఒడిశా వాళ్ల రజ పండగ, తర్వాత రథయాత్ర. వానలు పడ్డాయా, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే మన మేస్త్రీలు ఉభాలకని, అంటే వరి నాట్లకని, ఊళ్లకి వెళ్లిపోతారు. ఎవరెప్పుడు పనిలో ఉంటారో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ (పనుల షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్) ఫైలు నుంచి మాక్రోతో, అంటే అందులో రాసుకునే చిన్న ప్రోగ్రాముతో, లాగేవాళ్లు మే నెలలోనే జాగ్రత్తపడాలి.

అందరం పడే గొయ్యి ఒకటుంది. మనిషి సొంత క్యాలెండర్లో ఉన్న ఎక్సెప్షన్లు (మామూలు పని వేళలకి తేడాగా పెట్టిన రోజులు) చదివేసి, సెలవులన్నీ వచ్చేశాయనుకుంటాం. ఊరందరి సెలవులూ బేస్ క్యాలెండర్లో, అంటే అందరికీ ఉమ్మడిగా ఉండే క్యాలెండర్లో ఉంటాయి, ఆ జాబితాలోకి రావు. నాకు ఒక ఏడాది అలాగే అయింది. కాంక్రీటు గ్యాంగు వరుసలో రజ మూడు రోజులకీ 480, 480, 480 అని పడింది. అవి నిమిషాలు, రోజుకి 8 గంటలన్నమాట. అది నమ్మి స్లాబు పెట్టుకున్నాం. తెల్లారి మిక్సర్ దగ్గరికి ఇద్దరే వచ్చారు.

అందుకే సెలవుల జాబితా కాకుండా, రోజుకో లెక్క అడగండి. డేట్‌డిఫరెన్స్ ఫంక్షన్‌కి ఈ అర్ధరాత్రి, మర్నాటి అర్ధరాత్రి, ఆ మనిషి క్యాలెండర్ ఇస్తే పని నిమిషాలు వస్తాయి. సున్నా అయితే సెలవు, 240 అయితే ఒంటిపూట. ఎక్సెప్షన్ అంటే సెలవే అనుకోకండి, ఆదివారం పని పెట్టినా అందులోనే చేరుతుంది.

తేదీలు డేట్‌సీరియల్‌తో (ఏడాది, నెల, రోజు విడివిడిగా ఇచ్చే ఫంక్షన్) రాయండి. మాక్రోలో హ్యాష్ గుర్తుల మధ్య 6/7 అని రాస్తే జూన్ 7 అవుతుంది, జులై 6 కాదు. రిసోర్స్ షీటులో (మనుషులు, సామాన్ల జాబితా) ఖాళీ వరుసలుంటే మాక్రో అక్కడే ఆగిపోతుంది, ముందే వడకట్టండి. సిమెంటు, ఇసుకలకి పని క్యాలెండర్ ఉండదు, వాటినీ వదిలేయండి. రాత్రి షిఫ్టు అర్ధరాత్రి దగ్గర రెండు తేదీలుగా చీలుతుంది, హాజరు లెక్కలో రెండు రోజులు వేయకండి.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం. ఎక్సెప్షన్ పేరులో కొందరు ఆపరేషన్, కాన్పు అని కారణాలు రాసేస్తారు. అందరూ చూసే షీటులోకి ఆ పేర్లు రానివ్వకండి, తేదీలు చాలు.

మాక్రో నడిపే ముందు ఫోన్ చేసి అడగండి: "మేస్త్రీ గారూ, ఉభాలకి ఎప్పుడెళ్తారు, మళ్లీ ఎప్పుడొస్తారు?" ఆయన చెప్పిన తేదీలు ఆయన క్యాలెండర్లో వేశాకే బటన్ నొక్కండి.