విదేశంలోని మందుల షాపులో శిక్షణ: ఫార్మసీ విద్యార్థులు ఎలా సిద్ధపడాలి?

హైదరాబాద్‌లో ఫార్మసీ చదివేవారికి విదేశీ శిక్షణ అనగానే పరిశోధనశాలో, మందుల కంపెనీయో గుర్తుకు వస్తుంది. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ కాలం నుంచి మందుల ముడి పదార్థాలకు, అంటే బల్క్ డ్రగ్స్‌కు పేరుపడిన నగరంలో అది సహజమే. అయితే అంతర్జాతీయ మార్పిడి కార్యక్రమాల్లో కమ్యూనిటీ ఫార్మసీ, అంటే రోగి నేరుగా వచ్చి మందు తీసుకువెళ్లే వీధి మందుల షాపు, కూడా ఒక విభాగంగా ఉంటుంది. ఏళ్ల తరబడి చదివిన ఫార్మకాలజీని, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయన్న శాస్త్రాన్ని, ఒక మనిషికి అర్థమయ్యేలా నాలుగు మాటల్లో చెప్పడం అలవడేది అక్కడే. అందుకే దరఖాస్తులో దాన్నే మొదటి ఎంపికగా పెట్టుకోమని నా సలహా.

మొదటి పని: మన వీధి షాపులో నిలబడడం

పాస్‌పోర్టు కంటే ముందు చేయవలసిన పని ఇది. ఫార్మసిస్ట్ స్వయంగా కౌంటర్‌లో ఉండే మందుల షాపు ఒకటి చూసుకుని, యజమాని అనుమతితో కొన్ని వారాల పాటు సాయంత్రాలు అక్కడ గడపండి. మన పద్ధతి క్షుణ్ణంగా తెలియనిదే పరాయి పద్ధతిలో తేడా ఏమిటో కంటికి ఆనదు.

అక్కడ చూడవలసినవి చాలా ఉంటాయి. ఉదాహరణకు స్ట్రిప్ కత్తిరించడం చూడండి. పది గోలీల స్ట్రిప్‌లో నాలుగే కావాలని అడిగితే కత్తెరతో కత్తిరించి కవరులో వేసి ఇస్తారు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ సాధారణంగా స్ట్రిప్‌కు ఒక పక్కనే అచ్చయి ఉంటాయి కాబట్టి, రెండో ముక్క తీసుకున్న మనిషి ఇంటికి చేరేది ఏ వివరమూ లేని గోలీలే. నెల తర్వాత ఒక పెద్దాయన ఆ ఖాళీ ముక్కను జేబులోంచి తీసి, ‘ఈ బీపీ గోలీయే ఇయ్యి బిడ్డా’ అంటే, మందు పేరు సగమే కనబడుతుంది. దీని పక్కన ఐరోపా సమాఖ్య దేశాల పద్ధతిని పెట్టి చూడండి. అక్కడ మందు పెట్టె లోపల రోగి కోసం రాసిన సూచన పత్రం, పెట్టె మీద బ్రెయిలీ లిపిలో మందు పేరు ఉండాలన్నది నిబంధన. 2019 ఫిబ్రవరి నుంచి ప్రిస్క్రిప్షన్ మందుల పెట్టెలకు విడివిడి గుర్తింపు కోడ్ కూడా తప్పనిసరి అయింది. కత్తిరించిన ముక్కను చేత్తో పట్టుకుని చూసిన విద్యార్థికి ఆ పెట్టె విలువ వెంటనే తెలుస్తుంది.

అలాగే షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు చూపించమని అడగండి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన ప్రకారం కొన్ని యాంటీబయాటిక్స్, క్షయ మందులు, అలవాటుగా మారే కొన్ని మందులు అమ్మినప్పుడు డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, పరిమాణం విడిగా రాసి, ఆ రిజిస్టరును మూడేళ్లు భద్రపరచాలి. ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31న మొదలైన ‘ఫార్మసీ ఫస్ట్’ సేవలో గొంతు నొప్పి, మహిళల్లో మూత్ర ఇన్ఫెక్షన్ వంటి ఏడు సమస్యలకు, నిర్దేశించిన షరతులకు లోబడి, ఫార్మసిస్టే పరిశీలించి అవసరమైతే యాంటీబయాటిక్ వంటి ప్రిస్క్రిప్షన్ మందు ఇవ్వవచ్చు. ఒకే రకం మందుల విషయంలో రెండు దేశాలు ఫార్మసిస్ట్ మీద పెట్టిన బాధ్యత ఎంత వేరుగా ఉందో ఆలోచించడమే ఈ శిక్షణకు అసలు ప్రయోజనం.

ఎప్పుడు వెళ్లాలి?

ఫార్మసీ కౌన్సిల్ నిబంధనల్లో ఎనభై శాతం హాజరు తప్పనిసరి కాబట్టి సెమిస్టర్ మధ్యలో వెళ్లే ఆలోచన మానుకోండి. బి.ఫార్మసీ వారికి ఆరో సెమిస్టర్ అయ్యాక, ఏడోది మొదలయ్యే లోపు నాలుగు వారాల్లో కనీసం 150 గంటల శిక్షణ పొందాలన్న నియమం ఉంది. ఆ శిక్షణకు అనుమతించిన చోట్లలో కమ్యూనిటీ ఫార్మసీ కూడా ఉంది. విదేశంలో గడిపే గంటలను ఇందులో లెక్కిస్తారేమో ప్రిన్సిపాల్‌ను ముందే అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. నోటి మాట మీద విమానం ఎక్కవద్దు. ఫార్మ్.డి ఆరో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌కు, మిగతా ఆరు నెలలు మరో మూడు విభాగాలకు పోతాయి. కాబట్టి ఆ విద్యార్థులు అంతకు ముందు ఏళ్ల సెలవులనే ఎంచుకోవడం మేలు.

దరఖాస్తు ఎవరి ద్వారా?

1949లో ఏర్పడిన అంతర్జాతీయ ఫార్మసీ విద్యార్థుల సమాఖ్య, ఐపీఎస్ఎఫ్, ఈ మార్పిడి కార్యక్రమాన్ని నడుపుతోంది. మన దేశంలో ఇండియన్ ఫార్మాస్యూటికల్ అసోసియేషన్ విద్యార్థి విభాగం ద్వారా వివరాలు కనుక్కోవచ్చు. మీ కాలేజీకి ఏదైనా విదేశీ విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఉంటే అది మరో దారి. వసతి, భోజనం, చేతి ఖర్చులు ఎవరు భరిస్తారన్నది దేశాన్ని బట్టి మారుతుంది. విమాన టికెట్, వీసా రుసుము, బీమా మాత్రం మీ ఖర్చేనని ముందే లెక్క వేసుకుని ఇంట్లో చెప్పండి. చోటు ఖాయం చేస్తామని పెద్ద మొత్తం ముందుగా అడిగే మధ్యవర్తుల జోలికి పోవద్దు.

దేశాన్ని ఎంచుకునేటప్పుడు భాషను తేలికగా తీసుకోకూడదు. పరిశోధనశాలలో ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు గానీ, మందుల షాపు కౌంటర్‌కు వచ్చే ముసలమ్మ తన భాషలోనే మాట్లాడుతుంది. ఇంగ్లిష్ వ్యవహారంలో లేని దేశమైతే పలకరింపులు, అంకెలు, ‘రోజుకు రెండుసార్లు’, ‘తిన్న తర్వాత’ వంటి మాటలైనా ముందే నేర్చుకుని వెళ్లండి.

ఉత్తరం, కాగితాలు

దరఖాస్తుతో పాటు పంపే ఉత్తరంలో సేవాభావం గురించి సాధారణ వాక్యాలు రాస్తే అది వందల ఉత్తరాల్లో కలిసిపోతుంది. పైన చెప్పిన షాపులో మీరు గమనించిన ఒక సమస్యను వివరించి, ఆ దేశంలో దాన్ని ఎలా పరిష్కరిస్తున్నారో చూడాలనుకుంటున్నానని రాయండి. ఒక పేజీ చాలు.

ఆహ్వాన పత్రంలో తేదీలు, రోజుకు పని గంటలు, వేతనం ఉందా లేదా, పర్యవేక్షించే ఫార్మసిస్ట్ ఎవరు అన్నవి స్పష్టంగా ఉండేలా చూసుకోండి. ఏ రకం వీసా కావాలన్నది ఈ వివరాల మీదే ఆధారపడుతుంది. వేతనం లేని శిక్షణ కదా అని పర్యాటక వీసా సరిపోతుందనుకోవద్దు. ఆ దేశ కాన్సులేట్ చెప్పిందే ప్రమాణం. ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా కూటమి అయిన షెంజెన్ దేశాల స్వల్పకాలిక వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు, దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి.

చాలామంది ఆలస్యంగా తెలుసుకునే విషయం టీకాల గురించి. కొన్ని చోట్ల హెపటైటిస్-బి టీకా ధ్రువపత్రం అడుగుతారు. మామూలు పద్ధతిలో దాని మూడో డోసు మొదటి డోసు తర్వాత ఆరు నెలలకు పడుతుంది. కాబట్టి చిన్నప్పుడు వేయించుకున్నారో లేదో అమ్మానాన్నలను అడిగి, కార్డు దొరకకపోతే ఇప్పుడే డాక్టరును కలవండి.

అక్కడికి చేరాక

మొదటి వారం చూడడానికే కేటాయించండి. ఆ దేశంలో మీరు ఫార్మసిస్ట్ కారు కాబట్టి, అనుమతి లేకుండా రోగికి సలహా ఇవ్వకూడదు, మందు అందించకూడదు. జనరిక్ పేర్ల, అంటే బ్రాండు పేరు కాక మందుకు ఉండే అసలు పేర్ల, విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మనం పారాసెటమాల్, సాల్బుటమాల్, గ్లిబెన్‌క్లమైడ్ అని చదివినవి అమెరికాలో ఎసిటమినోఫెన్, ఆల్బుటెరాల్, గ్లైబ్యూరైడ్. పేర్ల పట్టిక ఒకటి రాసుకుని జేబులో ఉంచుకోండి.

ఫార్మసిస్ట్ రోగితో మాట్లాడే తీరును దగ్గరగా గమనించండి. ఇన్‌హేలర్ ఇచ్చేటప్పుడు ‘ఎలా వాడాలో తెలుసా?’ అని అడిగితే ఎవరైనా తెలుసనే అంటారు. ‘ఒకసారి వాడి చూపిస్తారా?’ అని అడిగితేనే ఊపిరి ఎక్కడ తప్పుతున్నారో బయటపడుతుంది. ఇలాంటి ప్రశ్నలను విన్నవి విన్నట్టు రాసుకోండి. రోగి పేరు, చిరునామా మాత్రం మీ పుస్తకంలోకి రాకూడదు. ప్రిస్క్రిప్షన్‌ను ఫోన్‌లో ఫోటో తీయడం, కౌంటర్ దగ్గర నిలబడి చిత్రాలు పోస్టు చేయడం అస్సలు వద్దు. ఐరోపాలో వ్యక్తిగత సమాచారంపై చట్టం కఠినమైనది, పైగా ఆ చిక్కు మీకు చోటిచ్చిన షాపు మెడకు చుట్టుకుంటుంది.

తిరిగి వచ్చే ముందు గంటలు, తేదీలు, చేసిన పనులు రాసిన ధ్రువపత్రంపై పర్యవేక్షకుడి సంతకం తీసుకోండి. ఊరు చేరాక కాలేజీకి నివేదిక ఇవ్వండి.

ఆ తర్వాత మరో పని ఉంటుంది. మన విద్యార్థులు వెళ్లాలంటే అక్కడివారికి ఇక్కడ చోటు ఉండాలి. మీరు మొదట నిలబడిన ఆ షాపు యజమానిని అడగండి. నాలుగు వారాల పాటు ఒక విదేశీ విద్యార్థిని కౌంటర్ వెనుక కూర్చోబెట్టుకోవడానికి ఆయన ఒప్పుకుంటే, షాపు వివరాలను మార్పిడి కార్యక్రమం చూసే ప్రతినిధికి అందజేయండి. వచ్చిన విద్యార్థికి తెలుగు, ఉర్దూ మాటలు అర్థమయ్యేలా చెప్పే బాధ్యతను మొదటి వారమైనా మీరే తీసుకోండి.