రాడ్ పాడైందా, కరెంటు తగ్గిందా? మీటర్ పెట్టి తేల్చుకోండి

అనంతపురంలో చలికాలం వచ్చిందంటే పొద్దున్నే నాకొచ్చే ఫోన్ ఒకటే. "అన్నా, రాడ్ పోయినట్టుండాది, ఒక బకెట్ నీళ్లు కాగేదానికి ముప్పావు గంట పడతాంది, కొత్తది తెచ్చుకోమంటావా?" అప్పుడే తెచ్చుకోవద్దండీ, ముందు వోల్టులూ ఓములూ కొలిచే మల్టీమీటర్ తీయండి. చానా సార్లు రాడ్ బాగానే ఉంటాది, మనం లెక్కలో 230 వేసుకుంటాం గానీ సాకెట్‌లో నిజంగా ఎంతొస్తాందో కొలవం, తప్పు అక్కడే.

లెక్క చిన్నదే. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే ఓములు, గుణిస్తే వాట్లు. అందులో భాగించేది జర్మనీలో ఓం అని ఒక అయివారు 1827లో అచ్చేసిన సంగతి, ఇప్పటికీ అదే నడుస్తాంది.

సమస్య: నీళ్లు తొందరగా కాగట్లేదు

రాడ్ మీద 1500 వాట్లు, 230 వోల్టులు అని రాసుంటే కరెంటు 1500 ÷ 230, అంటే 6.5 ఆంపియర్లు. రెసిస్టెన్స్, అంటే కరెంటుని రాడ్ అడ్డుకునేది, 230 ÷ 6.5, అంటే 35 ఓములు. ఈ 35 మాత్రం రాడ్‌తోనే పుట్టింది, వోల్టేజీ తగ్గినా పెద్దగా మారదు. ఇప్పుడు చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ తిరిగే టైంలో సాకెట్‌కి 185 వోల్టులే వచ్చినాయనుకోండి, కరెంటు 185 ÷ 35 = 5.3కి పడిపోతాది, పవర్ 185 × 5.3 = 980 వాట్లు. వోల్టేజీ 20 శాతం తగ్గితే పవర్ 35 శాతం పోయింది చూడండి, ఎందుకంటే వోల్టులూ తగ్గినాయి, వాటితోపాటు ఆంపియర్లూ తగ్గినాయి, రెండు దెబ్బలు కలిసి పడినాయి. 20 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 50కి పోవాలంటే 1500 వాట్లతో 23 నిమిషాలు, 980తో 36 నిమిషాలు, బకెట్ నుంచి పోయే వేడి కలిపితే ఇంకా ఎక్కువే.

రాడ్ మంచిదో కాదో తెలుసుకునేది ఇట్ల. ప్లగ్ పీకేసి (కరెంటు ఉన్నప్పుడు ఓముల్లో పెట్టినారంటే మీటర్ పోతాది, ఒక్కోసారి మనమూ పోతాం) ఎర్త్ పిన్ను వదిలేసి మిగతా రెండు పిన్నుల మధ్య ఓములు చూడండి. 35 దగ్గర ఉంటే రాడ్ మంచిదే. ఏమీ చూపించకుంటే లోపల కాయిల్ తెగింది. ఆ రెండు పిన్నుల్లో దేనికైనా రాడ్ పైన ఉండే లోహంతో రీడింగ్ వస్తే మాత్రం రెండో ఆలోచన వద్దు, పారేయండి, షాక్ కొడతాది.

రాడ్ మంచిదే అని తేలినాక సాకెట్‌లో వోల్టేజీ రెండుసార్లు కొలవాల, రాడ్ ఆఫ్‌లో ఒకసారి, ఆన్‌లో ఒకసారి. రెండుసార్లూ 185 ఉంటే తక్కువ వోల్టేజీ బయట నుంచే వస్తాంది, మీ ఇంట్లో చేసేదేం లేదు, లైన్‌మన్‌కి చెప్పాల్సిందే. ఆఫ్‌లో 225 ఉండి ఆన్ చేస్తానే 200కి పడిందంటే ఆ 25 వోల్టులు దోవలో యాడో తింటాండాయి. కరెంటు 200 ÷ 35 = 5.7, కాబట్టి దోవలో రెసిస్టెన్స్ 25 ÷ 5.7 = 4.4 ఓములు, అంటే 140 వాట్లకి పైగా గోడలోనో జాయింట్‌లోనో వేడిగా పోతాంది. తోటలో షెడ్డుకి 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు 100 మీటర్లు లాగినారనుకోండి, ఆ వైరుకి కిలోమీటరుకి 12 ఓములు, పోను రాను 200 మీటర్లకి 2.4 ఓములే కదా. మరి మిగతా 2 ఓములు? లూజు జాయింటే! బోర్డు, మెయిన్, స్తంభం దగ్గర కలిపింది, అన్నీ విప్పి మళ్ల బిగించాల, స్తంభం దగ్గరది మాత్రం మీరు ముట్టుకోవద్దు. అట్లనే వైరు 4 స్క్వేర్ ఎంఎంకి మారిస్తే ఆ 2.4 కాస్తా 0.9కి దిగుతాది.

సమస్య: ప్లగ్ కాలి వాసనొస్తాంది

రాడ్‌కి కావాల్సింది 6.5 ఆంపియర్లు, మనం పెట్టేది 6 ఆంపియర్ల సాకెట్‌లో. పిన్ను వదులై అక్కడ అర ఓము పుట్టిందంటే 6.5 × 6.5 × 0.5 = 21 వాట్లు. టీవీ రిపేరోళ్లు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే, మరి ప్లాస్టిక్ కరగక ఏమవుతాది. 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగ్గ ప్లగ్, మంచి వైరు వేయించండి.

సమస్య: క్లాంప్ మీటర్ సున్నా చూపిస్తాంది

క్లాంప్ మీటర్ అంటే వైరు చుట్టూ తగిలించి ఆంపియర్లు కొలిచేది, మీరు రెండు వైర్లనీ కలిపి అందులో పెట్టినారు. పోయే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఒక్క వైరుకే తగిలించండి.

సమస్య: 100 వాట్ల పాత బల్బుకి లెక్కలో 529 ఓములు, మీటర్‌లో 40

రెండూ కరెక్టే. 529 అనేది ఫిలమెంట్ తెల్లగా మండేటప్పుడు, మీటర్ చూసింది చల్లగా ఉన్నప్పుడు. టంగ్‌స్టన్ కాగితే రెసిస్టెన్స్ పది రెట్లకి పైనే పెరుగుతాది. రాడ్‌లో ఉండే నిక్రోమ్‌కి ఈ తేడా చానా తక్కువ కాబట్టే పైన లెక్క కుదిరింది.

సమస్య: మోటారుకి లెక్క అస్సలు కుదరట్లేదు

కుదరదు. వైండింగ్ 5 ఓములు చూపిస్తే 230 ÷ 5 = 46 ఆంపియర్లు అని భయపడతారు, తిరిగే మోటారు తనలో తానే ఎదురు వోల్టేజీ పుట్టించి కరెంటుని ఆపుతాది. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు 415 వోల్టుల దగ్గర 7.5 ఆంపియర్లు లాగుతాంటే 415 × 7.5 = 3112 అని వేసి, 5 హెచ్‌పీ అంటే 3730 కదా ఇదేంది తక్కువొచ్చింది అంటారు. మూడు ఫేజులు కాబట్టి 1.732తో గుణించాల, పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.85 అనుకుంటే దాంతో కూడా, అప్పుడు 4580 వాట్లు. 3730 నీళ్లు తోడేదానికి, మిగతాది వేడికి.

ఇంకోటి, వోల్టేజీ తగ్గితే రాడ్ తక్కువ లాగుతాది గానీ మోటారు అట్ల కాదు, అదే నీళ్లు ఎత్తేదానికి ఎక్కువ లాగుతాది. స్టార్టర్ ఊరికూరికే ట్రిప్ అవుతాందని అందులో ఎక్కువ ఆంపియర్లు పోతే మోటారుని ఆపేసే రిలే సెట్టింగ్ పెంచేస్తారు కదా, పెంచేముందు మూడు ఫేజుల వోల్టేజీ కొలవండి, 350 అట్ల ఉంటే రిలేని ముట్టుకోకుండా మోటారు ఆపేసి కరెంటు బాగా వచ్చినాక వేయండి.