పండుగ పూట ఇంటి కాపుదల – నాలుగవ పాఠం: దీపావళికి లోపలి గది

మొదటి పాఠంలో ఇంటిని వాకిలి మొదలుకొని పెరటి దాకా పసిపిల్లల కంటి ఎత్తు నుండి చూడడం నేర్చుకొన్నాము. రెండవ పాఠంలో టీకాల గురించీ మెడపట్టీ గురించీ, మూడవ పాఠంలో చుట్టాలు దిగిన ఇంట్లో కుక్కకూ పిల్లలకూ నడుమ ఉండవలసిన ఎడం గురించీ చెప్పుకొన్నాము. ఈ పాఠం దీపావళి సాయంత్రానిది. ఇందులో నేర్చుకోవలసిన విద్య ఒక్కటే: టపాసుల మోత మొదలు కాకముందే ఇంట్లో ఒక గదిని ఎంచి, సిద్ధం చేసి, పెంపుడు జంతువును ఆ గదికి అలవాటు చేయడం. పాఠాన్ని పండుగకు కనీసం పది రోజుల ముందు చదవాలి. ఆనాటి మధ్యాహ్నం చదివితే సగం ప్రయోజనమే దక్కుతుంది.

మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. కుక్క దాదాపు 45,000 వరకు, పిల్లి 60,000కు పైగా వింటాయి. టపాసు మోత నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్లు మించరాదన్న నిబంధన మనుషుల చెవిని దృష్టిలో పెట్టుకొని చేసినది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. మోత ఎక్కడి నుండి వస్తున్నదో, ఎప్పుడు ఆగుతుందో జంతువుకు తెలియదు. తెలియనప్పుడు అది పారిపోవాలని చూస్తుంది, పారిపోయేటప్పుడు ఇంటివైపే పరుగెత్తుతుందన్న నమ్మకం లేదు. అందుచేత తెరిచిన గేటు ఆ రాత్రి టపాసు కంటె పెద్ద ప్రమాదం.

వేళ విషయం కూడా ముందే తేల్చుకోవాలి. దీపావళి నాడు రాత్రి 8 నుండి 10 గంటల వరకు మాత్రమే టపాసులు కాల్చాలని సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 23న ఆదేశించింది. ఆ గడియారాన్ని మన వీధులలో ఎవరూ చూడరన్నది మీకూ నాకూ తెలిసినదే. పైగా మన దక్షిణ ఒడిశా ఊళ్ళైన పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో, బరంపురంలో మన పండుగ పొద్దు గుంకే వేళకే నిప్పుతో మొదలవుతుంది. పక్కింటి ఒడియావారు గుమ్మం ముందు కౌంరియా కాడలు, అంటే ఎండిన జనుము కాడలు, వెలిగించి పితృదేవతలను పిలుస్తారు. మన పిల్లలు గోగు కర్రలతో దివిటీలు కొడతారు. అంటే తలుపు తెరిచి, ఇంటిల్లిపాదీ గడప దగ్గర చేరి, నేలకు దగ్గరగా మంట ఉండే సమయం సూర్యాస్తమయమే. మీ లెక్కను ఎనిమిది గంటలతో కాక, దీపాలు పెట్టే వేళకు గంట ముందుతో మొదలుపెట్టండి.

ఇక గదిని ఎంచడం. బరంపురం పాత నేతవీధులలో ఇళ్ళు వెడల్పు తక్కువగా, పొడవు ఎక్కువగా, ఒకదాని గోడకు మరొకటి ఆనుకొని ఉంటాయి. వీధి గది దాటితే నడిల్లు, ఆపైన వంటిల్లు, చివర పెరడు. అటువంటి ఇంట్లో పెరటి గది నిశ్శబ్దంగా ఉంటుందని చాలామంది అనుకొంటారు గానీ, వెనుక వీధి పిల్లలు కాల్చేవి సరిగ్గా ఆ పెరటి గోడ అవతలే పేలుతాయి. నడిల్లే మేలు. మేడ ఇంట్లో ఉండేవారు డాబా కింది గదిని వదలి, కిటికీలు తక్కువగా ఉన్న కింది అంతస్తు గదిని చూసుకోవాలి. ఒకే గది, వరండా ఉన్న ఇల్లయితే మంచం చుట్టూ దుప్పట్లు వేలాడదీసి, మంచం కింద చోటును గదిగా మార్చవచ్చు. భయపడిన కుక్క ఎటూ దూరేది అక్కడికే కదా.

గది ఎంచిన రోజు నుండి రోజూ ఒక పూట తిండి అక్కడే పెట్టండి. తలుపు వేయవద్దు. ఇంట్లోవారు కట్టి విడిచిన, ఉతకని పాత చీరను పడకగా వేయండి, ఎందుకంటే జంతువుకు ధైర్యమిచ్చేది మన వాసన. మూడు నాలుగు రోజులు గడిచాక ఫోనులో టపాసుల చప్పుడును వినీ వినబడనంత మెల్లగా పెట్టి, ఆ చప్పుడు సాగుతుండగానే దానికి ఇష్టమైన తిండి వేయండి. తింటూ ఉంటే మరునాడు శబ్దాన్ని కొద్దిగా పెంచవచ్చు. తినడం ఆపి చెవులు వెనక్కు పెట్టినా, వేడి లేకపోయినా వగర్చినా, పదే పదే ఆవులించినా, శబ్దం ఎక్కువైందని గ్రహించి నిన్నటి మట్టానికి తగ్గించాలి. తొందరపడి ఒక్కసారిగా పెంచినవారు కుక్కకు ధైర్యం కాక, ఆ గదంటేనే భయం నేర్పుతారు.

పండుగ నాడు సాయంత్రం నాలుగైదు గంటల మధ్య కుక్కను గొలుసుతోనే బయట తిప్పి తీసుకురావాలి. ఆ తరువాత తెల్లవారేదాకా బయటకు వద్దు. మెడపట్టీ మీద మీ ఫోను సంఖ్య చెరిగిపోకుండా ఉన్నదేమో చూడండి. చీకటి పడకముందే కిటికీలు మూసి మందపాటి తెర వేసి, కరెంటు దీపం మాత్రం వెలుగుతూనే ఉంచాలి, ఎందుకంటే చీకటి గదిలో బయటి మెరుపు మరింతగా కొడుతుంది. పంకా, టీవీ మామూలు శబ్దంతో నడవనివ్వండి. నీళ్ళు తప్పనిసరి. పిల్లికి వీటితోపాటు ఇసుక తట్ట, బీరువా మీద ఒక అట్టపెట్టె ఉండాలి. పిల్లి తరచుగా పైకి ఎక్కి దాగుతుంది. గది తలుపుకు బయటివైపు ఒక కాగితం అంటించి, లోపల జంతువు ఉన్నదని తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి. చుట్టాల పిల్లలు రెండింటిలో ఏదో ఒకటి చదువుతారు.

భయపడిన కుక్కను దగ్గరికి తీస్తే భయం ముదురుతుందని కొందరు పెద్దలు చెబుతారు. అది సరికాదు. భయం అడిగి తెచ్చుకొనే అలవాటు కాదు గనుక మీరు నిమిరితే అది పెరగదు; తానై వచ్చి ఒడిలో తల పెడితే నిమరండి, మంచం కింద ఉంటే మాత్రం చేయి పెట్టి లాగవద్దు. ఇంట్లో ఎవరికో రాసిన నిద్రమాత్రను సగం విరిచి వేయడం చేయరాదు. తీవ్రంగా బెదిరే కుక్కలకు పనికివచ్చే మందులు ఉన్నాయి, వాటిని పశువైద్యుడు కుక్క బరువు చూసి ముందే ఇస్తాడు. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకమని కూడా ఇక్కడే గుర్తు పెట్టుకోండి.

ఉబ్బసం ఉన్న పెద్దవారిని, చంటిబిడ్డలను కూడా లోపల ఉంచవలసిందే గానీ అదే గదిలో కాదు. ఎంత సాధువైన కుక్క అయినా బెదిరినప్పుడు కరవగలదు. కరిచినా, గోటితో గీరినా వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టరాదు. మన కుక్కకు టీకా వేయించాము కదా అని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో ఆ రోజు, 3వ, 7వ, 28వ రోజులలో రేబిస్ టీకా వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే దానితోపాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే ఎదుర్కొనే మందు) కూడా అవసరమవుతుంది.

వంటింటి సంగతికి వద్దాము, ఇక్కడ కొంత ఆగవలసి ఉన్నది. చాక్లెట్ కుక్కకు విషమని ఇప్పుడు చాలామందికి తెలుసు. కానీ మన పండుగ వంటలో చాక్లెట్ ఎక్కడిది? పాయసంలో కిస్మిస్ ఉంటుంది, పులిహోరలో చింతపండు ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయని పశువైద్యులకు చాలాకాలంగా తెలుసు గానీ కారణం అంతుపట్టలేదు. అందులోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చునని 2021లో అమెరికాలోని జంతు విషచికిత్స నిపుణులు సూచించారు. చింతపండు పులుపులో ప్రధానమైనది ఆ ఆమ్లమే. చింతపండు తిన్న కుక్కలలోనూ అటువంటి మూత్రపిండాల జబ్బు కనిపించింది. కాబట్టి ఇంటి కుక్కకు పండుగ ముద్ద పెట్టాలన్న ప్రేమ ఉంటే ఉప్పు, పులుపు, తాలింపు వేయకముందే ఇంత ఉత్త అన్నం తీసి ఉంచండి. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా, గారెలో వేగినవైనా, పులుసులో ఉడికినవైనా ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఈ విషయంలో పిల్లి కుక్క కంటె సుకుమారం. చక్కెర లేని మిఠాయిలలో, చూయింగ్ గమ్ములలో ఉండే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను గంటలోపే పడగొట్టగలదు. ఉడికిన కోడి ఎముకలు చీలికలై పేగును చీరుతాయి.

పల్లెల్లో మరొక ఆచారం ఉన్నది. మిగిలిన అన్నం, పాయసం, బూరెలు తవ్వ కాదు, కుంచం లెక్కన ఆవు ముందు కుమ్మరించి పుణ్యమనుకొంటారు. అలవాటు లేని ఆవు ఒక్కసారిగా అంత పిండిపదార్థం తింటే దాని పెద్ద పొట్టలో ఆమ్లం పేరుకొని, మేత మానుతుంది, నెమరు వేయదు, విరేచనాలు మొదలై నిలబడలేక కూలబడుతుంది. అది నిజంగా ప్రాణం తీసే జబ్బు. గుప్పెడు పెట్టి నమస్కరిస్తే చాలు. మిగిలినది ఆకుతోపాటు, మరీ ముఖ్యంగా పాలిథిన్ సంచితోపాటు, వీధిలో పారవేయరాదు.

పూజ తీసిన పూలను కూడా ఇదే లెక్కలో చూడాలి. గన్నేరు, పచ్చగన్నేరు రెండింటిలోనూ గుండెను ఆపగల విషం ఉంటుంది. దండలు పెరట్లో పడవేస్తే మేకలు, ఆవులు నములుతాయి. వినాయక చవితి పత్రిలో గన్నేరుతోపాటు ఉమ్మెత్త కూడా ఉన్నదని మొదటి పాఠంలోనే గుర్తుచేశాను. వాటిని గొయ్యి తీసి పాతిపెట్టండి. కర్పూరం బిళ్ళలు చక్కెర బిళ్ళలలా కనబడడం వల్ల పిల్లలు నోట్లో వేసుకొంటారు. మింగిన నిమిషాలలోనే మూర్ఛ రావచ్చును. వాంతి చేయించే ప్రయత్నం చేయక నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కాల్పు దగ్గర పాటించవలసినవి మీకు తెలియనివి కావు: నూలు బట్టలు, కాళ్ళకు చెప్పులు, పక్కన రెండు బకెట్ల నీళ్ళు, పేలని టపాసు దగ్గరికి పోకపోవడం. మరునాటి ఉదయాన్ని మాత్రం అందరూ మరచిపోతారు. పిల్లలు పేలని టపాసులు ఏరి మందు ఒలిచి కాగితంలో పోసి వెలిగించేది అప్పుడే. కుక్క ఆ చెత్తను నమిలేదీ అప్పుడే. రాత్రే వాటిని బకెట్టు నీళ్ళలో నానవేసి, తెల్లవారగానే పిల్లలకంటె ముందు లేచి వాకిలి ఊడవాలి. పాము బిళ్ళలు మోత చేయవు గనుక చంటిపిల్లల చేతికి ఇస్తారు. పూణెలోని చెస్ట్ రిసెర్చ్ ఫౌండేషన్ 2016లో కొలిచి చూసినప్పుడు, తాము పరీక్షించిన టపాసులలో అతి సన్నని పొగ రేణువులను అన్నిటికంటె ఎక్కువగా వదిలింది ఆ బిళ్ళేనని తేలింది. ఉబ్బసం ఉన్నవారి ఇంట్లో అవి అసలు వద్దు.

కాలితే మనిషికైనా జంతువుకైనా మొదటి చికిత్స ఒకటే. చల్లని మామూలు నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. మంచు గడ్డ, సిరా, టూత్‌పేస్టు, నెయ్యి పెట్టరాదు. చేయి వాచకముందే ఉంగరం, గాజులు తీసి, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. కంటికి తగిలితే నలపకూడదు, గుచ్చుకొన్నదాన్ని పీకకూడదు.

ఫోను సంఖ్యలు మనుషులకు 108, 112, మంటలకు 101, పశువులకు 1962. సరిహద్దు ఊళ్ళవారికి ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పర్లాకిమిడిలో నిలబడి పిలిచినా ఫోను ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం వైపు టవరును పట్టుకొంటే పిలుపు పక్క రాష్ట్రపు కేంద్రానికి పోవచ్చును. అందుచేత మొదటి మాటగా రాష్ట్రం, జిల్లా, ఊరు చెప్పడం ఇంట్లో అందరికీ నేర్పండి. పండుగ రాత్రి పశు చికిత్సాలయాలు మూసి ఉంటాయి. మీ పశువైద్యుడు ఆ రోజు ఊళ్ళో ఉంటాడో లేదో వారం ముందే అడిగి, ఆయన సంఖ్యతోపాటు సరిహద్దుకు అవతలి వైద్యుని సంఖ్యను కూడా తలుపు మీది కాగితంపై రాయండి.

అభ్యాసం. పండుగకు మూడు రోజుల ముందు ఒక సాయంత్రం అందరూ కలిసి ఒక నమూనా జరపండి: దీపాలు పెట్టే వేళకు కుక్క లోపల ఉండాలి, గేటు గడియ పడాలి, బకెట్లు నిండాలి. గడియ బాధ్యత ఎవరిదో పేరు పెట్టి చెప్పండి, ఎందుకంటే అందరూ చూస్తారనుకొన్న గేటును ఎవరూ చూడరు. తరువాత ఈ ప్రశ్నకు జవాబు రాయండి: రాత్రి ఏడు గంటలకు పన్నెండు కిలోల కుక్క విస్తరిలోని పులిహోర, పాయసం తినేసింది, వాంతి లేదు, హుషారుగా ఉన్నది, మీరేమి చేస్తారు?

హుషారుగా ఉన్నది కదా, తెల్లవారాక చూద్దామని రాసినవారు వంటింటి భాగాన్ని మళ్ళీ చదవాలి. మూత్రపిండాలు దెబ్బతిన్న గుర్తులు ఒకటి రెండు రోజుల తరువాత గాని బయటపడవు, అప్పటికి ఆలస్యమవుతుంది. ఏమి తిన్నది, సుమారు ఎంత, ఎన్ని గంటలకు, కుక్క బరువెంత అన్న నాలుగు సంగతులు కాగితం మీద రాసుకొని వెంటనే పశువైద్యునికి ఫోను చేయాలి. ఉప్పు నీళ్ళు పట్టి వాంతి చేయించరాదు. ఆ ఉప్పే మరొక విషమవుతుంది.

అయిదవ పాఠం నాలుగు రోజులకే వచ్చే నాగుల చవితిది. పుట్టల దగ్గర పిల్లలు, పాముకాటు, పెరట్లో పిల్లి గురించి అందులో ఉంటుంది. ఈలోగా పెరటి గోడకు ఆనించి పేర్చిన కట్టెల మోపును మూరెడు ఎడంగా జరిపి, దాని పక్కన కోళ్ళ గూడు ఉంటే వేరే చోటికి మార్చి ఉంచండి. ఆ పని చేతికి తొడుగు, కాళ్ళకు బూట్లు వేసుకొని పట్టపగలు చేయాలి.